వెలిగొండల కాపలాదారుకు కల్పిత కవచం: ఈటె ఎత్తితే భుజం రేకు మెడకు తగులుతోంది

పెన్నాగట్టు (నెల్లూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను బొమ్మలతో సాగే ఒక పెద్ద కథను సిద్ధం చేసుకుంటున్నాను. కథ జరిగే దేశం పూర్తిగా కల్పితమే అయినా, దాని నేలను మాత్రం వెలిగొండల అడుగున ఉన్న మన మెట్ట ఊళ్లను చూసి గీస్తున్నాను. ఎర్రమట్టి, రాతి గుట్టలు, కోనల్లో పచ్చిక, దిగువన సముద్రమంత చెరువు, ఇంకా తూర్పుకు పోతే ఉప్పుగాలి. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధికీ కాటమరాజుకూ మధ్య పశువుల మేత గురించి, పుల్లరి (మేతకు కట్టే పన్ను) గురించి వచ్చిన తగాదా ఈ కథకు దూరపు ప్రేరణ. ముఖ్యపాత్ర ముప్పై ఏళ్ల స్త్రీ, మందలను కాచే దళానికి నాయకురాలు. ఆమె గుర్రమెక్కదు. గుట్టలెక్కుతుంది, ఈటె విసురుతుంది, రాత్రిళ్లు మంద పక్కన కవచంతోనే ఒంటరిగా కూర్చుని కునుకు తీస్తుంది.

పాత్రను ఎదురుగా నిలబెట్టి గీసినప్పుడు కవచం నిండుగానే కనిపిస్తోంది. అదే పాత్ర ఈటె విసరడానికి కుడిచెయ్యి పైకెత్తిన బొమ్మ గీయబోతే, ఎద రేకు అంచుకు తగిలించిన భుజం రేకు మెడలోకి దూసుకుపోతోంది. రేకును చిన్నది చేస్తే పాత్ర గాంభీర్యం తగ్గిపోతోంది. చూసిన మిత్రులు, యుద్ధానికి వెళ్లే మనిషిలా లేదని, పౌరాణిక నాటకంలో భుజకీర్తులు కట్టుకున్న వేషంలా ఉందని అంటున్నారు. భుజం దగ్గర ఏం చేయాలి, మన ఎండల్లో ఏ పదార్థంతో చేసిన కవచమైతే నమ్మేలా ఉంటుంది, చరిత్రలోని ఏ కవచానికీ నకలు కాకుండా దాన్ని కల్పితంగా ఉంచడం ఎలా అన్నవి నా సందేహాలు. కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుని, ఆ తర్వాత కంప్యూటర్‌లో, క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో రంగులు వేస్తాను.

ఆక్వాగీతలు (కోవూరు) జవాబు:

రేకు పెద్దదైనందువల్ల ఈ ఇబ్బంది రాలేదు. అది దేనికి వేలాడుతోందన్న దానివల్ల వచ్చింది. మనిషి చేయి పూర్తిగా పైకెత్తినప్పుడు తిరిగే 180 డిగ్రీలలో సుమారు 120 డిగ్రీలు మాత్రమే భుజం కీలులో జరుగుతాయి. మిగిలిన 60 డిగ్రీలు వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తాయి, దానితోపాటే మెడ కింద అడ్డంగా ఉండే ఎముక కూడా పైకి లేస్తుంది. మీ భుజం రేకు ఎద రేకుకు బిగించి ఉంది, ఎద రేకు ఎటూ కదలదు, కనుక పైకి లేచే భుజానికి మెడవైపు తప్ప దారి లేదు. నిజమైన రేకు కవచాల్లో భుజం రేకు పైఅంచు మెడపట్టీ నుంచో లోపలి దళసరి అంగీ నుంచో తోలు పట్టీతో వేలాడుతుంది, కింది అంచు దండచేతికి మరో పట్టీతో కట్టి ఉంటుంది. అప్పుడది చేతితోపాటు లేస్తుంది. పైగా ఒకే పెద్ద రేకుగా కాక, ఒకదాని మీదికి ఒకటి జారే నాలుగైదు సన్నని రేకులుగా గీస్తే నిలబడినప్పుడు పరిమాణం తగ్గదు, చేయి ఎత్తినప్పుడు అవి ఒకదాని కిందికి ఒకటి ముడుచుకుంటాయి.

ఈ జారే రేకుల పనితీరు అర్థం కావాలంటే పుస్తకాల కన్నా ముందు ఒక రొయ్యను బల్ల మీద పెట్టుకుని గీయండి. మన జిల్లాలో దానికి కొరత లేదు. రొయ్య తోకలో ఆరు గళ్లు ఉంటాయి. పక్కపక్క గళ్లు రెండు పక్కలా చిన్న కీలు దగ్గర కలుస్తాయి కాబట్టి తోక కిందికి సులువుగా ముడుచుకుంటుంది, పక్కకు మాత్రం పెద్దగా వంగదు. అంటే ఏ దిక్కున కదలాలో కీలు నిర్ణయిస్తోంది. రేకు ఆ కదలికను కప్పుతోందంతే. వీపు మీద గట్టి పెంకు, పొట్ట కింద మెత్తని పొర అన్న అమరికను కూడా గమనించండి. మనిషి మోచేతికీ మోకాలికీ ఇదే వర్తిస్తుంది: వంపుకు బయటివైపు రేకు, లోపలివైపు బట్ట లేదా గొలుసు అల్లిక. చంకలోనూ మోకాలి వెనకా రేకు గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఆ మనిషి కూర్చోలేదన్న సంగతి చూసేవాళ్లకు తెలియకుండానే తెలిసిపోతుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. మన చెరువుల్లో పెంచే వనామి, టైగర్ రొయ్యల్లో ముందు గడి పక్కరేకు వెనక గడిని కప్పుతుంది, ఆ వరస చివరిదాకా అలాగే సాగుతుంది. మంచినీటి నీలకంఠ రొయ్యలో మాత్రం రెండో గడి పక్కరేకు తనకు ముందున్న దాన్నీ వెనకున్న దాన్నీ రెండింటినీ కప్పుతుంది. పాత యూరోపియన్ కవచాల మోకాలి చిప్ప చేసేది సరిగ్గా ఈ పనే. నడుమ ఉన్న పెద్ద చిప్ప పైకీ కిందికీ ఉన్న సన్న రేకుల మీద కూర్చుంటుంది. కాబట్టి మీ పాత్రకు మోచేయి, మోకాలు దగ్గర నీలకంఠ పద్ధతి, భుజం మీద, నడుము కింద వనామి పద్ధతి వాడి చూడండి. రేకుల మధ్య ఎంత కప్పు ఉండాలో నిలబడిన భంగిమలో లెక్కవేయకండి. కీలు పూర్తిగా ముడిచినప్పుడు బయటివైపు రేకులు విచ్చుకుంటాయి. అప్పుడు కూడా సందు కనబడనంత కప్పు పెట్టాలి. అందుకే నేను కొత్త కవచం గీసేటప్పుడు బాగా వంగిన భంగిమనే మొదట గీసి, నిలబడిన బొమ్మను చివరకు గీస్తాను.

ఈటె విసిరే మనిషికి రెండు భుజాలూ ఒకేలా ఉండనక్కరలేదు. కుడిచేత్తో విసిరేటప్పుడు ఎడమకాలు, ఎడమభుజం శత్రువు వైపు ఉంటాయి. ఎడమ రేకును మీకు నచ్చినంత పెద్దది చేయండి, కుడిదాన్ని తేలిక చేయండి. బల్లెం పట్టిన యూరోపియన్ రౌతుల కవచాల్లోనూ కుడి భుజం రేకు చిన్నదిగా, చంక దగ్గర కోసినట్టుగా ఉండేది. మీరు కోరిన గాంభీర్యం ఎడమవైపు నుంచి వస్తుంది.

కోటగోడ (ఒంగోలు) జవాబు:

పై జవాబులో కీళ్ల గురించి చెప్పినదంతా బాగుంది. కానీ ఆ మాటలు చదివి మీరు తలనుంచి పాదందాకా ఇనుప రేకులు గీస్తారేమోనని నా భయం. పూర్తి ఇనుప కవచం 15 నుంచి 25 కిలోల మధ్య ఉంటుంది. బరువు ఒళ్లంతా పంచుకుని ఉంటుంది కాబట్టి శిక్షణ ఉన్నవాళ్లు దానితో పరుగెత్తగలరు, కింద పడితే లేవగలరు. లేవలేరన్నది సినిమాలు నేర్పిన అపోహ. అసలు బాధ బరువు కాదు, వేడి. లోపల దళసరి బట్ట, పైన ఇనుము వేసుకుని రోహిణి కార్తెలో గుట్ట ఎక్కే మనిషిని ఏ కవచమూ కాపాడలేదు. దానికి తోడు మీ కథలో ఉప్పుగాలి కూడా ఉంది.

మన వైపు సైనికులు ఏం తొడిగేవారో చూస్తే మీకు దారి దొరుకుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ అక్కడి రౌతుల అంగీలను వర్ణించాడు. పైకి జరీ, ముఖమలు, పట్టు. లోపల పొరలు పొరలుగా గట్టి పచ్చితోలు, దాన్ని ఇంకా గట్టిపరచడానికి ఇనుప రేకులు. కొన్ని రేకులకు లోపలా బయటా బంగారు పూత ఉండేదట. తల మీది టోపీకి మెడను కప్పే అంచులు, ముఖానికి అడ్డు ఉండేవని కూడా రాశాడు. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలోని ఉదయగిరిని ముట్టడించి 1514లో పట్టుకున్నాడు కదా, ఆ కొండ కింద విడిది చేసిన సేనల్లో ఇలాంటి అంగీలు తొడిగినవాళ్లు ఉండే ఉంటారన్నది నా ఊహ. బొమ్మ గీసేవాడికి ఇందులో ఉన్న లాభమేమిటంటే, గట్టిదనం లోపల దాగి ఉంటుంది, బయట కనిపించేది బట్ట. లోపల రేకు ఉందన్న సంగతి కుట్ల వరసల మధ్య ఉబ్బు వల్లా, వంగినప్పుడు బట్ట మడత పడకుండా పలకలుగా విరగడం వల్లా తెలుస్తుంది. ఈ రెండూ గీయడం నేర్చుకుంటే మెరుపులు లేకుండానే కవచం కవచంలా కనిపిస్తుంది.

తర్వాతి కాలపు కవచాల్లో నాకు నచ్చినది చార్‌ఆయినా అనే నాలుగు పలకల అమరిక. ఎదకు ఒకటి, వీపుకు ఒకటి, రెండు చంకల కింద ఒక్కొక్కటి, నాలుగూ తోలు పట్టీలతో గొలుసు చొక్కా మీద కట్టుకునేవారు. ముంజేతికి దస్తానా అనే రేకు ఉండేది. గొలుసు చొక్కాలో సాధారణంగా ప్రతి కడియంలోనూ నాలుగు కడియాలు దూరి ఉంటాయి. వాటిని ఒక్కొక్కటిగా గీయడానికి కూర్చోకండి, నీడలో రంగు చదునుగా వేసి, వెలుగు తగిలే అంచున మాత్రం నాలుగు వరసలు చూపితే కన్ను మిగతాది పూర్తి చేసుకుంటుంది. వీలైతే ఒకసారి చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లి రండి, నెల్లూరు నుంచి రైలుకు దగ్గరే. అక్కడి ఆయుధాల విభాగంలో తంజావూరు కోట నుంచి వచ్చిన వస్తువులున్నాయి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఆయుధాల గది ఉంది. ఫొటోలో కనిపించనిది అక్కడ కనిపిస్తుంది: పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అంచును లోపలికి ఎలా మడిచారు, మేకు తల ఎంత పెద్దది. నా మటుకు నేను బొమ్మ చూడగానే ముడి ఎక్కడుందని వెతుకుతాను. ఆమె ఒక్కతే మంద దగ్గర ఉంటుందన్నారు. వీపు వెనక ముడులున్న కవచాన్ని ఆమెకు ఎవరు తొడిగారు?

పెన్నాగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ముడులను ఎడమపక్కకు తెస్తాను. ఇంకో రెండు విషయాలు అడగాలి. స్త్రీ పాత్ర కనుక ఎద రేకును ఒంటి ఆకృతికి తగినట్టు రెండు ఉబ్బులుగా గీశాను. అది సరైనదేనా? రెండోది, మిత్రులు నవ్వినా సరే, నాకు భుజకీర్తులంటే ఇష్టం. వాటిని పూర్తిగా తీసేస్తే ఇది మన కథలా అనిపించదు. ఉంచే మార్గం ఉందా?

ఆక్వాగీతలు:

ఎద రేకు ఒక్కటే ఉబ్బుగా ఉండాలి. నడుమ నిలువునా చిన్న గట్టు పెడితే మొన పక్కకు జారిపోతుంది. రెండు ఉబ్బులు పెడితే ప్రతి దెబ్బనూ మధ్య పల్లంలోకి, అంటే నేరుగా రొమ్ము ఎముక మీదికి పంపిస్తుంది. ఎలాగూ లోపల దళసరి అంగీ ఉంటుంది కాబట్టి ఒంటి వంపులు పైకి కనిపించే అవకాశం లేదు. ఆమె స్త్రీ అని నడకలోనూ ముఖంలోనూ చూపండి. ఎద రేకును నడుము సన్నబడే చోట ఆపండి, అక్కడి నుంచి కిందికి రొయ్య గళ్లు మొదలవ్వాలి, లేకపోతే గుట్ట ఎక్కేటప్పుడు తొడ ఎత్తలేదు.

తెరవెనుక (కావలి) జవాబు:

నాయనా, మీ మిత్రులు వేళాకోళం చేసిన నాటకపు వేషం గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. పౌరాణిక నాటకంలో భుజకీర్తులు, కిరీటం, ఎదుటి పతకం ఎందుకంత పెద్దవిగా ఉంటాయంటే, రాత్రిపూట దీపాల వెలుగులో చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా వచ్చింది దుర్యోధనుడో కృష్ణుడో రూపురేఖను బట్టి తెలియాలి. మీరు పాత్రను గీసేటప్పుడు మొదట చేయవలసిన పనీ అదే. లోపల గీతలేవీ లేకుండా నల్లసిరాతో నిండుగా పూసిన చిన్న చిన్న నీడబొమ్మలు ఒక కాగితం నిండా వేయండి. వాటిలో ఏది బొటనవేలంత పరిమాణంలో కూడా ఆమేనని తెలుస్తుందో దాన్ని ఎంచుకోండి. కీళ్లు, కుట్లు, ముడులు ఆ తర్వాత. పైన పెద్దలిద్దరూ పనితీరు గురించి చక్కగా చెప్పారు గానీ, పనితీరు మాత్రమే చూసుకుని గీసిన కవచాలన్నీ చివరకు ఒకేలా కనిపిస్తాయన్నది నేను చూస్తున్న సంగతి.

భుజకీర్తిని ఉంచండి. నాటకంలో అది భుజానికి కట్టిన అలంకారం, కాబట్టి దానికి బాధ్యత లేదు. మీ బొమ్మలో దానికి ఒక పని ఇవ్వండి. ఎడమ భుజం రేకు వరసలో అన్నిటికన్నా పైనున్న రేకు అంచును మెడవైపు నిలువుగా లేపితే, పక్కనుంచి మెడకు వచ్చే దెబ్బను అది ఆపుతుంది. కొన్ని యూరోపియన్ కవచాల్లోనూ ఇలా లేచిన అంచులున్నాయి. దూరానికి అది భుజకీర్తిలాగే కనిపిస్తుంది, కుడివైపు ఉండదు కనుక ఈటె చేతికి అడ్డు రాదు, పైగా రెండువైపులా సమంగా లేని ఆ నీడబొమ్మను ఇంకెవరితోనూ పొరబడలేరు.

కదలికను పరీక్షించడానికి తోలుబొమ్మల పద్ధతి చెబుతాను. తోలుబొమ్మలో మొండెం, దండచేయి, ముంజేయి వేర్వేరు ముక్కలు; కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. మీ పాత్రను పక్కనుంచి అట్టముక్క మీద గీసి, అలాగే కత్తిరించి దారం కట్టండి. కవచపు రేకులను వేరే పలచని అట్టతో కత్తిరించి, మీరు అనుకున్న పట్టీ ఎక్కడుందో అక్కడ మాత్రమే అతికించండి. చేయి లేపి చూడండి. రేకు ఎక్కడ గుచ్చుకుంటుందో, ఎక్కడ ఒళ్లు బయటపడుతుందో ఒక పూటలో తెలిసిపోతుంది. ఇది పక్కనుంచి కనిపించే కదలికకే పనికొస్తుంది, చేయి అడ్డంగా తిప్పే కదలికకు మాత్రం అద్దం ముందు నిలబడి మీ భుజం మీద అట్ట పెట్టుకోవడమే మార్గం.

కోటగోడ:

నీడబొమ్మ ముందా కీళ్లు ముందా అన్న విషయంలో తెరవెనుక గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. నీడబొమ్మకు అలవాటుపడితే తర్వాత కీలు ఒప్పుకోకపోయినా దాన్ని వదులుకోబుద్ధి కాదు. నేనైతే నీడబొమ్మలను కూడా ఈటె విసిరే భంగిమలోనే వేయమంటాను. అప్పుడు రెండు పనులూ కలిసి జరుగుతాయి. అయితే ఒక చోట మాత్రమే లేచిన అంచు గురించి ఆయన చెప్పినది చాలా మంచి ఆలోచన.

ఇక కల్పితంగా ఉంచడమెలా అన్న ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. కొమ్ములు, ముళ్లు, మెరిసే రాళ్లు కలిపితే కల్పితమవుతుందని చాలామంది అనుకుంటారు. ఆ దేశంలో మాత్రమే దొరికే పదార్థం ఒకటి పెట్టి, మిగతా అన్నిటినీ దానికి లొంగేలా చేస్తే సరిపోతుంది. పదార్థం ఏదన్నది మీరే తేల్చుకోవాలి.

ఆక్వాగీతలు:

పదార్థం మన ముందే ఉందనిపిస్తోంది. కథలో సముద్రమంత చెరువు ఉంది కదా, అందులో దున్నపోతంత రొయ్యలు ఉన్నాయనుకోండి. రొయ్య పెరగడానికి పెంకును కుబుసంలా విడుస్తుంది; అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కువగా విడుస్తుందని మన రైతులు కనిపెట్టుకుని ఉంటారు. మందకాపరులు ఆ రోజుల్లో గట్టున దొరికిన పెంకులను ఏరుకుని కవచం చేసుకుంటారు. తేలిక, తుప్పు పట్టదు, రేకులు ఒకదాని మీద ఒకటి జారే అమరిక పుట్టుకతోనే వచ్చింది. విడిచిన పెంకు పలచగా ఉంటుంది కాబట్టి ఒక్క పొర చాలదు. కోటగోడ గారు చెప్పిన తోలు అంగీ మాదిరిగా బట్ట, జిగురు, పెంకు పొరలు పొరలుగా అంటించాలి. అంచుల దగ్గర ఆ పొరలు కొద్దిగా లేచినట్టు గీస్తే చాలు, పదార్థమేమిటో పాఠకుడికి వాక్యం అవసరం లేకుండా తెలుస్తుంది. ముడులకు ఇనుప కొక్కేలు వద్దు, ఉదయగిరి చెంచాల పనివాళ్లు చెక్కేలాంటి చెక్క గుబ్బలు పెట్టండి.

రంగు కూడా దీని నుంచే వస్తుంది. పచ్చి రొయ్య బూడిద, నీలం కలిసిన రంగులో ఉంటుంది. వేడి తగిలితే పెంకులో మాంసకృత్తు పట్టి ఉంచిన ఎర్ర రంగు విడుదలై ఎర్రబడుతుంది. ఆ కవచం నిప్పు తగిలిన చోట శాశ్వతంగా ఎర్రబడుతుందన్న నియమం పెట్టుకోండి. దళంలో ఎవరు ఎన్ని మంటలు దాటి వచ్చారో కవచం చూస్తే చాలు తెలుస్తుంది.

క్రిటాలో నేను వాడే వరస ఇది. అడుగున ఒళ్లు, దాని మీద అంగీ, ఆ పైన పెంకు రేకులు, అన్నిటికన్నా పైన పట్టీలూ ముడులూ, దేనికి దానికి వేరు లేయరు. నీడలను మల్టిప్లై లేయరులో (కింది రంగులను ముదురు చేసే పొరలో) అన్నిటికీ కలిపి ఒకేసారి వేస్తే వెలుగు దిక్కు చెదరదు. ఎడమ కుడి ఒకేలా లేవు కనుక అద్దంలా తిప్పే సాధనాన్ని ఒళ్లు గీసేదాకా మాత్రమే వాడి, కవచం దగ్గర ఆపేయండి.

తెరవెనుక:

రంగుల గురించి ఒక్క మాట. ఇనుమైతే వెలుగు చీకటి పక్కపక్కనే పదునుగా పడతాయి. తోలు మీద మెరుపు వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది. నూలు బట్టకు మెరుపే ఉండదు. మీ పెంకుకు వీటిలో ఏదీ సరిపోదు. పలచని అంచుల దగ్గర వెలుగు కాస్త లోపలికి దిగినట్టు, దళసరి నడుమ భాగం మబ్బుగా ఉన్నట్టు వేయండి. కింది వైపు తిరిగిన రేకుల మీద ఎర్రమట్టి నుంచి తిరిగి వచ్చే వెలుగు పడుతుంది, అది నిప్పుకు ఎర్రబడిన రేకుతో కలిసిపోయే ప్రమాదం ఉంది. అందుచేత మట్టి వెలుగును కాస్త పసుపువైపు, కాలిన రేకును కాస్త గులాబీవైపు తిప్పుకోవాలి.

పెన్నాగట్టు:

రొయ్య పెంకు ఆలోచన కథనే మార్చేసింది. చెరువు మీద హక్కు ఎవరిదన్న తగాదా ఇప్పుడు మేత తగాదాతో కలుస్తుంది. కుడి భుజం తేలికగా, ఎడమ భుజం అంచు పైకి లేచినట్టుగా, విసిరే భంగిమలోనే నీడబొమ్మలు వేయడం మొదలుపెడతాను. అట్టబొమ్మ కూడా చేసి చూస్తాను.

కోటగోడ:

అట్టబొమ్మ తేలాక ముందు, పక్క, వెనక బొమ్మలను ఒకే ఎత్తులో పక్కపక్కన పెట్టి ఒక నమూనా పుట తయారుచేసుకోండి. ఏ రేకు దేని మీద కూర్చుంటుందో బాణం గుర్తులతో రాయండి, ముడి విప్పిన అంగీని విడిగా ఒక మూల గీయండి. రేకు ఎర్రబడే నియమం పెట్టుకున్నారు కాబట్టి, కథలో ఏ మంట తర్వాత ఏ రేకు ఎర్రబడిందో కూడా అదే పుటలో రాసి పెట్టుకోండి. లేకపోతే నలభయ్యో పుటలో కాలిన రేకు యాభయ్యో పుటలో నీలంగా ఉందని మొదట పట్టుకునేది పాఠకులే.